ర్యాలీ డ్రైవర్ కారు నడిపేది చెవులతో

నమస్తే అండీ. జాతీయ స్థాయి ర్యాలీ డ్రైవర్ ఎవరైనా ఇంటర్వ్యూలో కూర్చుంటే చాలు, రెండు ప్రశ్నలు ఖాయం. "మీ టాప్ స్పీడ్ ఎంత సార్?", "ఎంతమందిని ఓవర్‌టేక్ చేశారు?" ఈ రెండూ విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇవి రేసు ప్రశ్నలు, ర్యాలీవి కావు. ర్యాలీలో కార్లన్నీ ఒక్కసారిగా బయలుదేరవు. నిమిషమో రెండు నిమిషాలో ఎడం ఇచ్చి ఒక్కొక్క కారునే వదులుతారు. పోటీ గడియారంతో. ముందు కారుని దాటాల్సి వచ్చిందంటే ఆ ముందు కారుకి ఏదో అయిందన్నమాట.

ఇంకొక పెద్ద తేడా. సర్క్యూట్ రేసర్ అదే మలుపుని రోజంతా తిరుగుతూనే ఉంటాడు. యాభయ్యోసారి వచ్చేసరికి ఆ మలుపు కంఠతా వచ్చేస్తుంది. ర్యాలీ డ్రైవర్‌కి ఆ అదృష్టం లేదు. చిక్కమగళూరు కాఫీ తోటల్లో మట్టిరోడ్డు. రెండువైపులా చెట్లు. ఒక స్టేజ్‌లోనే, అంటే ట్రాఫిక్ ఆపేసి సమయం కొలిచే ఒక రోడ్డు ముక్కలోనే, లెక్కలేనన్ని మలుపులు, వాటిలో సగం కనిపించనివే. అక్కడ ఫుల్ స్పీడ్‌లో వెళ్లాలి. ఎలా?

దీనికి నేనెప్పుడూ ఒకటే పోలిక చెబుతాను, ఈ వీడియో అంతా అదే వాడతాను. కరెంటు పోయింది. నిండు బిందె ఎత్తుకుని మెట్లు దిగుతున్నారు. మీకేమీ కనిపించదు. మీ వెనక ఒక మనిషి ఉన్నాడు, పగటిపూట ఆ మెట్లు లెక్కపెట్టి రాసుకున్నాడు. "ఇంకా మూడు మెట్లు, తర్వాత ఎడమకి తిరుగు, అక్కడ మెట్టు కాస్త విరిగి ఉంది" అని చెబుతుంటాడు. మీరు ఆగకుండా, నీళ్లు తొణక్కుండా దిగాలి. ర్యాలీ అంటే ఇదే. బిందె మోసేవాడు డ్రైవర్, మెట్లు చెప్పేవాడు పక్క సీట్లో కూర్చునే కో-డ్రైవర్.

ఇప్పుడు కో-డ్రైవర్ మలుపులు రాసుకున్న ఆ పుస్తకం చూద్దాం. స్పైరల్ బైండింగ్ ఉన్న నోట్‌బుక్, పెన్సిల్‌తో రాసిన అక్షరాలు. పెన్నుతో రాస్తే దిద్దడం కష్టం. ఒక లైన్ చదువుతాను వినండి.

"80. రైట్ 4, టైటెన్స్ 3, డోంట్ కట్. క్రెస్ట్. 50. కాషన్ లెఫ్ట్ 2."

దీనర్థం ఏమిటంటే, 80 మీటర్లు నేరుగా ఉంది. తర్వాత కుడి మలుపు, తీవ్రత 4. కానీ ఆ మలుపు మధ్యలో ఇంకా బిగుసుకుని 3 అవుతుంది. లోపలి అంచుని కోసుకుంటూ వెళ్లొద్దు, అక్కడ రాయో గుంటో ఉంది. ఆ తర్వాత రోడ్డు పైకి లేచి పడుతుంది, అవతల ఏముందో కనిపించదు. అక్కడి నుంచి 50 మీటర్లు, ఆపై ఎడమకి గట్టి మలుపు, జాగ్రత్త. ఎక్కువమంది వాడే లెక్కలో 6 అంటే దాదాపు నేరుగా ఉన్న మలుపు, 1 అంటే చాలా ఇరుకు మలుపు. కొందరు దీన్ని తిరగేసి వాడతారు. ఏ పద్ధతైనా ఫరవాలేదు, కారులో ఉన్న ఇద్దరిదీ ఒకటే పద్ధతి అయితే చాలు.

కారు గంటకి 108 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకోండి. అంటే సెకనుకి 30 మీటర్లు. ఆ 80 మీటర్లు మూడు సెకన్లలోపే అయిపోతాయి. ఈలోగా కో-డ్రైవర్ ఆ లైన్ చెప్పేయాలి, డ్రైవర్ దాన్ని విని, అర్థం చేసుకుని, బ్రేక్ ఎక్కడ వేయాలో నిర్ణయించుకోవాలి. ఇక్కడే మెట్ల పోలిక మళ్లీ పనికొస్తుంది. "విరిగిన మెట్టు" అని మరీ ముందే చెబితే మీరు మర్చిపోతారు. కాలు పెట్టాక చెబితే ప్రయోజనం లేదు. సరిగ్గా ఎప్పుడు చెప్పాలన్నదే కో-డ్రైవర్ విద్య. ఎగిరెగిరి పడుతున్న కారులో తల వంచుకుని, వేలితో లైన్ పట్టుకుని, పేజీ తిప్పుతూ, గొంతు వణక్కుండా చదవాలి. ఒక్క పేజీకి బదులు రెండు తిరిగాయంటే ఆ ఇద్దరూ వేరే రోడ్డు మీద ఉన్నట్టే. అంత పని చేసే మనిషి పేరు రేపు పొద్దున పేపర్లో ఉండదు, డ్రైవర్ పేరొక్కటే ఉంటుంది. ఇది నాకు అస్సలు నచ్చదు.

మరి ఆ మెట్లు లెక్కపెట్టేది ఎప్పుడు? దాన్ని రెక్కీ అంటారు. పోటీకి ముందు మామూలు కారులో, వేగ పరిమితి పాటిస్తూ స్టేజ్‌లో తిరగనిస్తారు. సాధారణంగా రెండే సార్లు. మొదటిసారి డ్రైవర్ రోడ్డు చూస్తూ మలుపులు పలుకుతుంటే కో-డ్రైవర్ రాసుకుంటాడు. రెండోసారి కో-డ్రైవర్ చదువుతుంటే డ్రైవర్ దిద్దుతాడు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఆ మలుపు 4లా కనిపిస్తుంది. మూడు రెట్ల వేగంతో వచ్చినప్పుడు అది 3 అవుతుందా, 4గానే ఉంటుందా? ఇది ఊహించగలగడమే జాతీయ స్థాయి డ్రైవర్‌కీ మామూలు వేగం పిచ్చి ఉన్నవాడికీ తేడా. స్టీరింగ్ తిప్పడం చాలామందికి వచ్చు. గంటకి నలభైలో వెళ్తూ, వందలో ఆ రోడ్డు ఎలా ఉంటుందో చూడగలిగేవాళ్లు తక్కువ.

ధూళి సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో ర్యాలీలు ఎక్కువగా మట్టి, కంకర రోడ్ల మీదే. గాలి లేని రోజున ముందు కారు లేపిన దుమ్ము అలాగే నిలబడిపోతుంది. అప్పుడు పట్టపగలే చీకటి మెట్లు. పోనీ అందరికన్నా ముందు వెళ్తే? రోడ్డు మీది వదులు కంకరని మొదటి కారే ఊడ్చుకుంటూ పోవాలి. టైర్‌కి పట్టు దొరకదు, సమయం పోతుంది. వెనకవాళ్లకి శుభ్రమైన రోడ్డు దొరుకుతుంది, దుమ్ము కూడా దొరుకుతుంది.

ఇక కెరీర్. ముందు ఒక అపోహ తీసేయాలి. కొన్ని ఊళ్లలో సరదాగా టీఎస్‌డీ ర్యాలీలు జరుగుతాయి. టైమ్, స్పీడ్, డిస్టెన్స్. మామూలు రోడ్ల మీద, మామూలు కార్లతో, ట్రాఫిక్ మధ్యే. వాళ్లిచ్చిన సగటు వేగాన్ని కచ్చితంగా పాటించాలి. తొందరగా వచ్చినా పెనాల్టీ, ఆలస్యమైనా పెనాల్టీ. ఇందులో గెలిచేది వేగం కాదు, లెక్క. దీనికీ జాతీయ ర్యాలీ చాంపియన్‌షిప్ స్టేజ్‌లకీ సంబంధం లేదంటారు కొందరు. నేను ఒప్పుకోను. రూట్ పుస్తకం చదవడం, గడియారం చూడటం, పక్క మనిషితో గొడవపడకుండా రోజంతా కారులో కూర్చోవడం, ఇవన్నీ నేర్పేది టీఎస్‌డీయే. కో-డ్రైవర్ కావాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి బడి లేదు.

అక్కడి నుంచి ఆటోక్రాస్‌లు, అంటే మైదానంలో వేసిన చిన్న ట్రాక్ మీద గడియారంతో పోటీలు. తర్వాత మన మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఇచ్చే పోటీ లైసెన్సు. మామూలు డ్రైవింగ్ లైసెన్సు కూడా ఉండాల్సిందే, ఎందుకంటే ఒక స్టేజ్ నుంచి ఇంకో స్టేజ్‌కి అదే ర్యాలీ కారులో మామూలు రోడ్డు మీదే వెళ్తారు. సిగ్నల్ పడితే ఆగాలి, ఆ ఊరి వేగ పరిమితి పాటించాలి. తర్వాతి టైమ్ కంట్రోల్‌కి, అంటే మన కార్డు మీద టైమ్ వేసే టేబుల్ దగ్గరికి, నిమిషం లేటైతే సాధారణంగా 10 సెకన్లు కలుపుతారు. ముందొచ్చి కార్డు ఇచ్చేస్తే ఇంకా ఘోరం, నిమిషానికి నిమిషం పెనాల్టీ. స్టేజ్‌లో ప్రాణాలు పెట్టి సంపాదించిన సెకన్లు టేబుల్ దగ్గర పోతాయి. ఆ కార్డు కూడా కో-డ్రైవర్ బాధ్యతే.

కెరీర్ మొదట్లో గెలుపుకన్నా ముఖ్యమైనది చివరిదాకా రావడం. కొత్త డ్రైవర్ మొదటి స్టేజ్‌లోనే దుమ్ము రేపి, రెండో స్టేజ్‌లో కాలువలో ఉంటే స్పాన్సర్ చేసే ఏ టైర్ కంపెనీ వాళ్లూ రెండోసారి చూడరు. ముగించిన ప్రతి స్టేజూ నేర్చుకున్న రోడ్డే. నిండు బిందెతో కింద గచ్చు దాకా రావాలి, సగం మెట్లు పరుగెత్తినందుకు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఎంత గొప్పవాళ్లకైనా ఈ నియమం మారదు. 1998లో బ్రిటన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ చివరి ర్యాలీ. స్పెయిన్ డ్రైవర్ కార్లోస్ సైంజ్, కో-డ్రైవర్ లూయిస్ మోయా. నాలుగో స్థానంలో వస్తే టైటిల్ వాళ్లదే, వస్తున్నారు కూడా. చివరి స్టేజ్ ముగింపుకి కొన్ని వందల మీటర్ల దూరంలో టయోటా కరోలా ఇంజన్ ఆగిపోయింది. టైటిల్, అప్పటికే ర్యాలీ నుంచి తప్పుకున్న ఫిన్లాండ్ డ్రైవర్ టామీ మాకినెన్‌కి వెళ్లింది. మోయా హెల్మెట్‌తో కారు వెనక అద్దం పగలగొట్టాడు. ఆ కోపం నాకు పూర్తిగా అర్థమవుతుంది.

మన దేశం విషయానికొస్తే గౌరవ్ గిల్ గురించి చెప్పకుండా ఉండలేం. పలుమార్లు జాతీయ చాంపియన్. 2013లో ఆసియా పసిఫిక్ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచిన మొదటి భారతీయుడు. మళ్లీ 2016లో, 2017లో. 2019లో అర్జున అవార్డు, మోటార్ స్పోర్ట్స్ నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. ఈ జాబితా చాలామందికి తెలుసు. ఆ పక్క సీటు చూడండి. 2013లో, 2016లో ఆస్ట్రేలియాకి చెందిన గ్లెన్ మాక్‌నీల్. 2017లో బెల్జియంకి చెందిన స్టెఫాన్ ప్రెవో. ఇండియాలో మహీంద్రా ఎక్స్‌యూవీ500 నడిపినప్పుడు కేరళలోని కాసర్‌గోడ్ నుంచి వచ్చిన మూసా షెరీఫ్. మెట్లు చెప్పే గొంతు మారింది, యాస మారింది, చెప్పే లయ మారింది. అయినా ఆగకుండా దిగడం మామూలు విషయం కాదు. మూసా షెరీఫ్‌ని చూడండి, వేర్వేరు డ్రైవర్ల పక్కన కూర్చుని జాతీయ టైటిళ్లు గెలిచారు. ఒక్కొక్క డ్రైవర్‌కి ఒక్కో రకంగా చదవాలి. దీనికి పూర్తిగా వ్యతిరేకం ఫ్రాన్స్ డ్రైవర్ సెబాస్టియన్ లోబ్. 2004 నుంచి 2012 వరకు వరుసగా 9 ప్రపంచ టైటిళ్లు, అన్నీ ఒకే కో-డ్రైవర్ డానియెల్ ఎలీనాతో.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్పేస్తాను. డబ్బు: చాలామంది సొంత డబ్బుతోనే మొదలుపెడతారు, మంచి కారు కన్నా ముందు టైర్లకీ ప్రాక్టీస్‌కీ ఖర్చు పెట్టండి. కార్ల విభాగాలు: నేరుగా పెద్ద కారులోకి దూకొద్దు, జూనియర్ విభాగంలో మొదలుపెట్టండి. రిపేర్లు: స్టేజ్‌ల మధ్య కారు చెడితే బాగుచేసుకోవాల్సింది ఆ ఇద్దరే, మెకానిక్‌లు ముట్టుకునేది సర్వీస్ పార్క్‌లోనే, అదీ లెక్కపెట్టిన నిమిషాల్లో. కాబట్టి స్పానర్ పట్టడం నేర్చుకోండి. యాక్సిడెంట్: కారు పల్టీ కొడితే, ఇద్దరూ క్షేమమైతే వెనక వచ్చేవాళ్లకి ఓకే బోర్డు చూపించాలి. అది కనిపించకపోతే వెనక కారు వెంటనే ఆగి సాయం చేయాల్సిందే, పోటీ సంగతి ఆ తర్వాతే. ఈ నియమం అంటే నాకు చాలా గౌరవం.

చూడటానికి వెళ్లేవాళ్లు మార్షల్ చెప్పిన చోటే నిలబడండి, మలుపు బయటి వైపు అసలే వద్దు, కారు జారితే వచ్చేది అటే. ఇంట్లో ఆన్‌బోర్డ్ వీడియో, అంటే కారులోపలి కెమెరా తీసిన వీడియో చూసేవాళ్లు ఒకసారి డ్రైవర్ చేతులు చూడటం మానేసి, కో-డ్రైవర్ "లెఫ్ట్ 2" అన్నాక ఆ మలుపు ఎన్ని సెకన్లకి వస్తుందో లెక్కపెట్టండి.