డ్రైవర్ల లెక్క ఆపండి, ముందు చెవి మౌల్డ్ సంగతి చూడండి

ఆపండయ్యా ఆ డ్రైవర్ల లెక్క, అదే ఇయర్‌ఫోన్ లోపలుండే బుల్లి స్పీకర్ల లెక్క, ఇక చాలు! నమస్తే అండీ అందరికీ, బెజవాడ నుంచి మాట్లాడతన్నా, ఇవాళ గొంతు కొంచెం పెద్దదే ఉంటది, ఏమనుకోవద్దు. పోయిన వీడియోలో నేనన్నది ఒక్కటే మాట: లక్ష పోసి ఖరీదైన ఐఈఎమ్, అంటే చెవి లోపలికి దూరే ఇయర్‌ఫోన్, కొనేకన్నా, మూడు వేల ఐఈఎమ్‌కి మీ చెవి అచ్చు (మౌల్డ్) తీసి, ఆ కొలతతో కస్టమ్ టిప్స్, అంటే చెవిలో దూరే మెత్తటి తొడుగులు, చేయించుకుంటే పాట బాగా వినపడుద్ది అని. అంతే, మీద పడిపోయారు. పద్దెనిమిది డ్రైవర్ల దాన్ని ఒక్క డ్రైవర్ దాంతో పోలుస్తావా, నీకు చెవులున్నాయా అని. పోలుస్తానండీ, ఇవాళ ఇంకా గట్టిగా పోలుస్తా. సీలే సౌండ్. రాసిపెట్టుకోండి, సీలే సౌండ్. సీల్ అంటే టిప్ చెవిని సందు లేకుండా మూయడం.

చెవి కాలువకీ ఐఈఎమ్‌కీ మధ్యలో మూసుకుపోయే గాలి ఎంతుంటదో తెలుసా, ఒకటి రెండు మిల్లీలీటర్లు ఉంటే గొప్ప. ఆ కాసింత గాలినే డ్రైవర్ నొక్కుద్ది, వదులుద్ది, అందుకే గోరంత స్పీకర్‌తో కూడా బేస్ అంత బరువుగా వస్తది. ఇప్పుడు టిప్ పక్కన వెంట్రుకంత సందు ఉందనుకోండి, ముందు పారిపోయేది బేసే. గొంతు వినపడుద్ది, తాళాలు వినపడతాయి, మృదంగంలో ఎడమ వైపు గుమ్కీ మాత్రం మాయం. సందు పెద్దదైతే బేస్‌లో పది డెసిబెల్స్ పైనే పోతాది, అంటే ఉన్న బేస్‌లో సగం కూడా లేనట్టు అనిపిస్తది. ట్యూబుకి పంచర్ పెట్టుకుని పంపు మార్చితే గాలి నిలబడుద్దా? డ్రైవర్లు పెంచడం అంటే అదే.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. రివ్యూల్లో ఏ స్వరం ఎంత గట్టిగా వస్తదో చూపే గ్రాఫ్ చూసి కొంటున్నారు కదా, అది ఎక్కడ తీస్తారు? 711 కప్లర్ అంటారు, ఇనప గొట్టం లాంటి చెవి, అందులో సీల్ పక్కాగా పెట్టి తీస్తారు. ఆ గ్రాఫ్ ఆ ఇనప చెవిది అండీ! మీ చెవి వంకరుంటది, రెండు మలుపులుంటాయి, ఎడమది ఒక రకం కుడిది ఒక రకం. గ్రాఫ్‌లో ఇరవై హెర్ట్జ్ దాకా, అంటే అట్టడుగు బేస్ దాకా, గీత పడిపోకుండా సాపుగా ఉందని మురిసిపోయి అంత డబ్బు పోసి, చెవిలో లూజుగా పెట్టుకుని, బాగుందిలే అని సర్దుకుంటన్నారు, నాకు కడుపు మండేది అక్కడే.

నమ్మకం లేదా, ఇప్పుడే చూడండి. ఫోన్లో టోన్ జనరేటర్ యాప్, అంటే ఒకే స్వరం మోగించేది, ఏదో ఒకటి తెరవండి, నలభై హెర్ట్జ్ పెట్టండి, వాల్యూమ్ తక్కువలోనే ఉంచండి, ఐఈఎమ్ పెట్టుకుని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కినప్పుడు బేస్ ఒక్కసారిగా పెరిగిందా, అయితే మామూలుగా పెట్టుకున్నప్పుడు మీకు సీల్ లేదు. ఇప్పుడు నోరు తెరిచి మూయండి, నవ్వండి. టోన్ పోతా వస్తా ఉంటే దవడ కదిలినప్పుడల్లా సీల్ ఊడిపోతంది. చెవి కాలువకి దవడ ఎముక ఆనుకునే ఉంటది, నోరు కదిలితే కాలువ షేపు మారుద్ది. ఇంతే, దీనికి రివ్యూలు చూడక్కర్లా.

ఇప్పుడు నా థియరీ చెప్తా, గొడవ పడండి పర్లేదు. అందరూ అంటారు మన కృష్ణా గుంటూరు కుర్రాళ్లకి బేస్ పిచ్చి అని. నేను ఒప్పుకోను. పిచ్చి కాదు, ఆకలి! గుంటూరు బస్సెక్కి చూడండి, కిటికీలు తీసే ఉంటాయి, ఇంజను మోత కింద నుంచి వస్తంది, మంగళగిరి దాటేదాకా హారన్లు. ఆ ఇంజను మోత ఎక్కువగా బేస్ ఉండే చోటే ఉంటది, పాటలో బేస్‌ని అది మింగేస్తది, దానికి తోడు టిప్ లూజు, లోపలున్నది బయటికి పోతంది. కుర్రాడు ఏం చేస్తాడు, ఈక్వలైజర్ తెరిచి బేస్ బూస్ట్ పైదాకా లాగుతాడు, చాలక వాల్యూమ్ కూడా పెంచుతాడు. కంపెనీలోళ్లు అది చూసి ఎక్స్‌ట్రా బేస్ అని రాసి అమ్ముతారు. రోగం సీల్‌ది, మందు బేస్‌కి! డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినచ్చు, 90 అయితే 4 గంటలే. పది డెసిబెల్స్‌కి పది రెట్లు టైము కోస్తన్నారు చూడండి. సీల్ సరిగ్గా ఉన్నోడికి ఆ పది పెంచాల్సిన పనే రాదు.

డ్రైవర్లోళ్లకి చరిత్ర కూడా చెప్పాలి. 1991లో ఎటిమోటిక్ ఈఆర్4 వచ్చింది, ఒక్కటంటే ఒక్క డ్రైవరు, మూడు గొడుగుల టిప్పు, చెవిలో బాగా లోతుకి దిగుద్ది. ముప్పై ఏళ్లు దాటినా దాని పేరు చెప్తే తలలూపే ఆడియో జనం ఇప్పటికీ ఉన్నారు. దాని బలమంతా ఆ లోతులో ఉంది. చెవి మౌల్డ్‌తో చేసే కస్టమ్ ఐఈఎమ్‌ల సంగతీ వినండి. 1995లో జెర్రీ హార్వే అనే సౌండ్ ఇంజనీరు, వాన్ హేలెన్ బ్యాండ్ డ్రమ్మర్‌కి స్టేజీ మీద మోత తట్టుకోడానికి చెవి మౌల్డ్‌తో చేసిచ్చాడు, అక్కడి నుంచే అల్టిమేట్ ఇయర్స్ అనే ఐఈఎమ్ కంపెనీ. డ్రైవర్ల పోటీ తర్వాత అంటుకుంది.

సరే, చేయించుకోవడం ఎట్టా. ఇక్కడ సూర్యారావుపేట ఆసుపత్రుల వైపు, గుంటూరోళ్లయితే కొత్తపేట వైపు, వినికిడి మిషన్లు అమ్మే సెంటర్లుంటాయి, ఆడియాలజిస్ట్ ఉన్నచోటికే పోండి. మా ఫ్రెండొకడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాడు, వాడితో నేనూ పోయా, మొత్తం దగ్గరుండి చూశా. ముందు లైటు పెట్టి లోపల గులిమి ఉందేమో చూశారు. ఉంటే తీయించుకుని రమ్మంటారు, గులిమి మీద ఇంప్రెషన్, అంటే చెవి లోపలి అచ్చు, తీస్తే మౌల్డ్ తప్పుద్ది. తర్వాత దారం కట్టిన చిన్న స్పాంజి ముక్క లోపలికి తోశారు, కర్ణభేరి దాకా సిలికాన్ పోకుండా. ఆ పైన రెండు రంగులు కలిపిన సిలికాన్ ముద్ద పిచికారీలో పెట్టి నింపేశారు. చల్లగా జారుద్దంట, ఒక్కో చెవీ మూసుకుపోతా ఉంటే వాడి మొహం చూడాలి, ఏం మాట్లాడినా అర్థం కాక చేతులూపుతన్నాడు! కొద్ది నిమిషాల్లో గట్టిపడుద్ది, చెవి వెనక్కి లాగి మెల్లగా తిప్పి తీస్తే మొత్తం కాలువ, ఆ వంకరలతో సహా, చేతిలో.

ఇక్కడ రెండు మాటలు నోరు తెరిచి అడగండి, మొహమాటపడకండి. ఒకటి, రెండో మలుపు దాటేదాకా తీయమనండి. వినికిడి మిషన్ మౌల్డ్‌కి కొన్నిచోట్ల పైపైనే తీసి ఊరుకుంటారు, పాటకి అది చాలదు, పైగా లోతు లేకపోతే మీ అడుగుల చప్పుడూ మీ గొంతూ లోపల బోంయ్ అని మోగతాయి. రెండోది, పళ్ల మధ్య బైట్ బ్లాక్, అంటే నోరు తెరిచి ఉంచే చిన్న దిమ్మ, పెట్టమనండి, నోరు తెరిచి ఉన్నప్పటి షేపే రావాలి, పాడేవాళ్లకైతే ఇది తప్పనిసరి.

ఐఈఎమ్ మొత్తం మీ చెవి అచ్చులోనే చేయించే ఫుల్ కస్టమ్ షెల్లా, టిప్సేనా? నా ఓటు టిప్స్‌కే, అదీ మెత్తటి సిలికాన్‌వి. ఫుల్ కస్టమ్ మీ చెవికి తప్ప ఎవరికీ పనికిరాదు, అమ్ముకోలేరు, నచ్చకపోతే డబ్బు పోయినట్టే. టిప్స్‌కి ఐఈఎమ్ కన్నా ఎక్కువే అయినా, పిన్నో కేబులో పాడైతే ఐఈఎమ్ ఒక్కటే మార్చుకుంటారు, అదే మోడల్ అయితే టిప్స్ అట్టాగే ఉంటాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఇంప్రెషన్ బాగున్నా మొదటి ఫిట్ తప్పొచ్చు, అందుకే రీఫిట్, అంటే మళ్లీ సరిచేసివ్వడం, ఉచితమా, ఎన్ని రోజుల్లోపు అని ఆర్డర్ ముందే రాయించుకోండి. ఎదిగే వయసు పిల్లలకి వద్దు, చెవి పెరుగుద్ది, మౌల్డ్ పెరగదు.

అంత పెట్టలేని వాళ్లు ఏం చేయాలి అంటే, ముందు మీ డబ్బా తెరవండి! మూడు సైజుల టిప్స్ ఇస్తారు, మధ్యది తగిలించి వస్తది, మిగతా రెండు కవర్లు ఎవరూ చింపరు. బీసెంట్ రోడ్డులో కొన్న ఐదొందల ఇయర్‌ఫోన్స్‌కైనా ఎడమకి పెద్దది, కుడికి మధ్యది పెట్టి చూడండి, ఒకే సైజు పెట్టాలని ఎక్కడా రూల్ లేదు. ఫోమ్ టిప్స్ కూడా మంచివే, కాకపోతే మన ఎండాకాలం చెమటకి తొందరగా పాడైపోతాయి.

బండి మీద మాత్రం పెట్టుకోవద్దు, చెప్తన్నా. సీల్ బాగుంటే బెంజ్ సర్కిల్‌లో వెనక లారీ హారన్ కూడా వినపడదు, అది గొప్ప కాదు, ప్రాణం మీదకొస్తది.

ఇప్పుడు నలభై హెర్ట్జ్ పెట్టి నొక్కి చూడండి, ఏ చెవిలో పెరిగింది, ఏ సైజు టిప్‌తో, కింద రాయండి. నన్ను తిట్టాలనుకునేవాళ్లు కూడా ముందు అది రాసి తర్వాత తిట్టండి, ప్రతిదీ చదువుతా.