కారుకి ఫాగ్ ల్యాంప్స్ మనమే బిగిద్దాం: చలాన్ పడకుండా, ఎదుటివాళ్ల కళ్లు పోకుండా

ముందు ఈ రెండూ చూడండి. ఎడమ చేతిలో ఉన్నది ఫాగ్ ల్యాంప్, కుడి చేతిలో మూరెడు పొడుగున్నది ఎల్‌ఈడీ బార్. ఇవాళ బిగించేది ఎడమ చేతిలోదే. ఈ బార్ మా బావమరిది ఆన్‌లైన్‌లో తెప్పించాడు, "బావా, పైన టాప్ మీద పెడదాం, జీప్ లుక్ వస్తుంది" అని. కెమెరా వాడే పట్టుకున్నాడు కాబట్టి మీకు వాడి మొహం కనపడదు, బతికిపోయాడు.

బార్ ఎందుకు వద్దో ఒక్క నిమిషం చెప్తాను, ఆ తర్వాత అంతా స్పానర్ పనే. సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 111వ రూల్ ప్రకారం బండి ముందు స్పాట్ లైట్, సెర్చ్ లైట్ పెట్టకూడదు. ఏదైనా ప్రత్యేక పరిస్థితి ఉంటే రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర ముందే అనుమతి తీసుకుని పెట్టుకోవాలి, మన జీప్ లుక్ ఆ లెక్కలోకి రాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్ ఒకటుంది. రూల్స్ ఒప్పుకోని మార్పు చేయించిన ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు ఫైన్, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. షాపులో అమ్ముతున్నారు కదా అంటారు కొందరు. అమ్మినవాడు రోడ్డు మీద మన పక్కన కూర్చోడు కదండీ.

మరి ఫాగ్ ల్యాంప్ ఎందుకు ఓకే? నాది బేస్ వేరియంట్. ఇదిగో, బంపర్‌లో కింద రెండు పక్కలా నల్ల ప్లాస్టిక్ మూతలు ఉన్నాయి చూశారా, పై వేరియంట్‌లో సరిగ్గా ఇక్కడే కంపెనీ ఫాగ్ ల్యాంప్స్ ఇస్తుంది. అదే ల్యాంపు, అదే చోటు. అందుకే నేను కంపెనీ కిట్టే కొన్నాను. బయటి కిట్ కొంటే గ్లాస్ మీద చూడండి, గుండ్రంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన బి అనో ఎఫ్3 అనో అచ్చు ఉంటే అది ఫాగ్ బీమ్, హెచ్ఆర్ అని ఉంటే డ్రైవింగ్ ల్యాంప్, అంటే హై బీమ్‌కి తోడు. రెండూ వేరు వేరు సరుకు. రంగు తెలుపు గానీ పసుపు గానీ ఉండొచ్చు. ముందుకి ఎరుపు మాత్రం అస్సలు పనికిరాదు. ఎత్తు నేల నుంచి 250 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, 800 దాటకూడదు. కంపెనీ మూతల చోటే పెడితే టేపు తీయాల్సిన అవసరమే రాదు.

ఇక వైరింగ్. అసలు కథంతా ఇక్కడే ఉంది.

నా పాత కారుకి ఒక షాపులో పెట్టించాను, 55 వాట్ల హాలోజన్‌లు రెండు. పది నిమిషాల్లో అయిపోయిందన్నాడు, నేనూ మురిసిపోయాను. నార్కట్‌పల్లి దాటాక డాష్‌బోర్డ్ దగ్గర ఏదో కాలిన వాసన. పక్కకి ఆపి చూస్తే స్విచ్ కరిగి మెత్తగా వేలికి అంటుకుంది. రిలే లేదు, ఫ్యూజ్ లేదు, బ్యాటరీ నుంచి కరెంటంతా ఆ పిసరంత స్విచ్ గుండానే పోతోంది. లెక్క చూడండి: 55, 55 కలిపితే 110 వాట్లు, 12 వోల్టులతో భాగిస్తే తొమ్మిది ఆంపియర్ల పైచిలుకు. ఆ స్విచ్ అంత మోయలేదు.

అందుకే ఈ డబ్బీ. రేయ్, దగ్గరికి రా, అడుగు భాగం చూపించు. ఇది నాలుగు కాళ్ల రిలే. కాళ్ల పక్కన సన్నగా నంబర్లు ఉంటాయి, 30, 87, 85, 86. 30కి బ్యాటరీ ప్లస్ నుంచి వచ్చే లావు వైరు, 87 నుంచి ల్యాంపులకి, 85 బాడీ ఎర్త్, 86కి స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు. స్విచ్ నొక్కితే 86లో చిన్న కరెంటు వెళ్తుంది, లోపల టక్ మంటుంది, 30, 87 కలుస్తాయి. కరెంటు మోసే పనంతా లావు వైరుదే, స్విచ్‌కి సంజ్ఞ చేసే పనే.

మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీసేయండి, పది నంబర్ స్పానర్ చాలు. ముందు ప్లస్ తీయబోయి స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పు రవ్వలు లేస్తాయి. ప్లస్ వైరు మీద ఫ్యూజ్ హోల్డర్‌ని బ్యాటరీకి జానెడు దూరంలోపే పెట్టండి. రిలే దగ్గర పెడితే బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుపోతే దానికి కాపలా ఉండదు. హాలోజన్ జతకి 15 ఆంపియర్ ఫ్యూజ్, 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల వైరు. వైరు కొనేటప్పుడు కొస గోకి చూడండి, ఎర్రటి పైపూత కింద తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియం, తిరిగి ఇచ్చేయండి.

ఎర్త్ దగ్గర చాలామంది బద్ధకిస్తారు. పెయింట్ మీదే లగ్, అంటే వైరు కొసకి ఉండే రింగు, పెట్టి బోల్ట్ బిగిస్తే లైటు మిణుకు మిణుకుమంటుంది. ఇలా ఇసుక కాగితంతో రూపాయి బిళ్లంత మేర మెరిసేదాకా గీకండి, లగ్ పెట్టి బిగించండి, పైన కాస్త గ్రీజ్ రాయండి. స్విచ్ వైరుని ఇంజన్ బే నుంచి లోపలికి తేవడానికి కొత్తగా రంధ్రం చేయొద్దు, స్టీరింగ్ వైపు రబ్బర్ బుష్ ఉంటుంది, దాంట్లోంచి తోయండి. నేను సైకిల్ పుల్లకి వైరు కట్టి తోశాను, రెండోసారికి దూరింది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన వైరు. 86కి వెళ్లే స్విచ్‌కి కరెంటు ఎక్కడి నుంచి ఇస్తున్నారు? బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే కారు దిగి వెళ్లిపోయినా వెలుగుతూనే ఉంటాయి, పొద్దున బండి స్టార్ట్ కాదు. ఫాగ్ ల్యాంప్‌కి పార్కింగ్ లైట్ లైన్ నుంచి తీసుకోండి. పార్కింగ్ లైట్లు ఆపగానే ఇవీ ఆగుతాయి. హెచ్ఆర్ డ్రైవింగ్ ల్యాంప్స్ పెట్టేవాళ్లయితే హై బీమ్ వైరు నుంచే తీసుకోవాలి, అప్పుడు డిప్ కొట్టగానే వాటంతట అవే ఆరిపోతాయి. విడిగా స్విచ్ ఇస్తే ఎదురుగా బండి వచ్చినప్పుడు రెండు చోట్ల చెయ్యి పెట్టాలి, ఘాట్ రోడ్డులో మలుపు తిప్పుతూ ఎవరు పెడతారండీ? అదే లైటు, అదే బంపర్, ఆ ఒక్క వైరు ఎక్కడ కలిపారన్న దాన్ని బట్టే మీరు పద్ధతిగా నడుపుతున్నారా, ఎదుటివాళ్లని గుడ్డివాళ్లని చేస్తున్నారా అన్నది తేలిపోతుంది. ఇంకో మాట, ఒరిజినల్ వైరింగ్ కోసి టేపు చుట్టొద్దు. కప్లర్‌తో, అంటే కోయకుండా గుచ్చేసే ప్లగ్గుతో వచ్చే కిట్ తీసుకోండి, లేకపోతే వారంటీ దగ్గర గొడవ అవుతుంది.

ల్యాంపు బిగించడం గురించి చెప్పడానికేం లేదు, మూత ఊడదీసి మూడు స్క్రూలు, అంతే.

బిగించాక గోడ దగ్గరికి రండి. బండి సమంగా ఉన్న నేల మీద, ల్యాంపు నుంచి గోడకి 5 మీటర్లు. ల్యాంపు నడిమధ్య ఎత్తు కొలిచి గోడ మీద టేపు అతికించాను, దానికి 10 సెంటీమీటర్ల కింద ఇంకో టేపు. వెలుగు పై అంచు ఈ కింది టేపు దగ్గర ఆగాలి. చూశారా, ఎడమ పక్కది సరిగ్గా ఉంది, కుడి పక్కది తల ఎత్తింది. వెనక ఉన్న స్క్రూని నెమ్మదిగా తిప్పితే... ఆ, దిగింది. ఇలా అంచు గీతలా కనపడకుండా వెలుగు చెల్లాచెదురుగా పడుతోందంటే సాధారణంగా హాలోజన్ డూమ్‌లో, అంటే బల్బు వెనక మెరిసే గిన్నెలో, ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఉంటారు. ఆ డూమ్ హాలోజన్ ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి తయారైంది. బల్బు మారిస్తే లెక్క మొత్తం తప్పుతుంది. ఎల్‌ఈడీ కావాలంటే ల్యాంపు మొత్తం ఎల్‌ఈడీదే కొనండి.

ఇంకో పరీక్ష, ఇది 106వ రూల్ నుంచి. ల్యాంపుకి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకి అరమీటరు పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లకి వెలుగు కొట్టకూడదు. మనం ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి ఎదురుగా వచ్చేవాళ్లు ఉండేది ఆ కుడి పక్కనే. ఐదున్నర అడుగుల మనిషి నిలబడితే కళ్లు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి. కెమెరా స్టాండ్ మీద పెట్టి మావాణ్ణి అక్కడ నిలబెట్టాను. కళ్లు చిట్లించకుండా ఫోన్ చూసుకుంటున్నాడు, పాస్. తర్వాత సరదాకి ఎల్‌ఈడీ బార్‌ని బ్యాటరీకి పెట్టి టాప్ మీద పట్టుకున్నాను, "బావా, ఆపు" అని మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇక వాడికి రూల్ నంబర్లు చెప్పే పని తప్పింది.

వాడకం గురించి. డిసెంబర్‌లో తెల్లవారుజామున లంబసింగి ఎక్కేటప్పుడో, సూర్యాపేట వైపు పొలాల మధ్య మంచు దిగినప్పుడో వేయండి. హెడ్‌లైట్ డిప్‌లో ఉండాలి, హై బీమ్ వేస్తే మంచులో ఎదురుగా తెల్ల దుప్పటి పరిచినట్టే ఉంటుంది. వేగం తగ్గించండి, ఈ లైటు రోడ్డు అంచునీ తెల్ల గీతనీ చూపిస్తుంది తప్ప దూరం చూపించదు. మంచులో నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడిపేవాళ్లు మరీ ఎక్కువైపోయారు, అవి వేస్తే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాళ్లకి తెలియదు. మంచు విడిపోగానే ఫాగ్ ల్యాంప్స్ ఆపేయండి. వాన పడి రోడ్డు తడిగా ఉంటే ఈ వెలుగు తారు మీద పడి లేచి ఎదుటివాళ్ల కళ్లలోకే పోతుంది.

మీ వైరింగ్‌లో ఎక్కడైనా ఆగితే ఏ కారో, ఏ వేరియంటో రాసి కామెంట్‌లో అడగండి, రిలే ఫోటో ఉంటే ఇంకా మంచిది. ఆ బార్ రిటర్న్ గడువు రేపటితో అయిపోతుందట, నేను వెళ్లి ప్యాక్ చేస్తాను.