మళ్లీ కొనుక్కోవాలనిపించే కారు

శ్రోతలకు నమస్కారం.

పాత కార్ల మాటెత్తితే హైదరాబాదులో ఎవరూ ఊరుకోరు. ఇరానీ హోటల్లో ఒక టేబుల్ దగ్గర ‘మా నాన్న ఫియట్’ అన్న మాట వినపడితే చాలు, పక్క టేబుల్ వాళ్లు కుర్చీలు ఇటు తిప్పుతారు. ఒకరు అంబాసిడర్ అంటారు, ఒకరు జెన్ అంటారు, ఇంకొకరు క్వాలిస్‌లో ఇంటిల్లిపాదీ తిరుపతి వెళ్లొచ్చిన కథ మొదలుపెడతారు. ఆ ఊపులో ఉన్నప్పుడే ఒక ప్రశ్న వేసి చూడండి. అదే బండి, సరికొత్తది, ఇవాళ షోరూములో పెడితే డబ్బు కట్టి కొంటారా? సగంమంది చాయ్ కప్పు వైపు చూస్తారు. మిగతా సగం మాత్రం ‘ఇప్పుడే కొంటా’ అంటారు. ఇవాళ నేను చెప్పేది ఆ రెండో సగం గురించి.

ముందు అంబాసిడర్ సంగతి తేల్చేద్దాం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు అచ్చులోంచి వచ్చిన బండి అది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివర్లో మొదలుపెట్టి, 2014 దాకా పెద్దగా రూపం మార్చకుండా చేస్తూనే వచ్చారు. సచివాలయం ముందు తెల్ల అంబాసిడర్లు బారులు తీరి ఉండటం చూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. వెనక సీటు సోఫాలా ఉండేది. ముందు తలుపుకి మూల మీద చిన్న ముక్కోణం అద్దం ఒకటి ఉండేది, గుర్తుందా? మే నెలలో దాన్ని కాస్త లోపలికి తిప్పితే గాలి తిన్నగా మెడకి కొట్టేది. వడగాలే అనుకోండి, అయినా గాలి గాలే కదా. ఏసీ లేని రోజుల్లో ఆ ముక్కోణం అద్దం పక్కన ఎవరు కూర్చోవాలని పిల్లల మధ్య పెద్ద తగాదాలే అయ్యేవి.

కానీ నడిపినవాళ్లని అడగండి. స్టీరింగ్ తిప్పితే భుజాలు లాగేసేవి. ఇంజన్ వేడి కాళ్లకి కొట్టేది. బ్రేకు మీద నమ్మకం కంటే దేవుడి మీద నమ్మకం ఎక్కువ పెట్టుకుని నడిపేవారు. అందుకే అంబాసిడర్ని తలుచుకునేవాళ్లలో ఎక్కువమంది వెనక సీట్లో కూర్చున్నవాళ్లే అని నా అనుమానం. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్, అంటే ప్రీమియర్ పద్మిని, దీనికంటే చిన్నది, తేలికైనది. నడపడానికి హాయి. ఆ రెండింటికీ ఏళ్ల తరబడి వరసలో ఉండాల్సి వచ్చేది. అన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న వస్తువుని ఎవరు తిడతారు చెప్పండి? ఆ ప్రేమలో కొంత భాగం ఎదురుచూపుదే.

ఇక మారుతీ 800. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఒక సామాన్య ఉద్యోగికి అందాయి. ధర 47,500 రూపాయలు. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజన్, ఆరువందల చిల్లర కిలోల బరువు. తాళం తిప్పగానే స్టార్టయ్యేది. ఇవాళ్టి పిల్లలకి ఇందులో గొప్పేమిటో అర్థం కాదు. అప్పటిదాకా పొద్దున్నే కారు స్టార్ట్ కావడమే ఇంట్లో ఒక తంతు.

మా వనస్థలిపురం కాలనీలో రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నారు, మేమంతా అంకుల్ అంటాం. ‘800 కొత్తది తెస్తే ఇప్పుడే చెక్కు రాస్తా’ అంటారాయన కనిపించినప్పుడల్లా. ఒకసారి ఆంటీ లోపల్నుంచి అందుకున్నారు: ‘ఏమండీ, ఏసీ వేస్తే బంజారాహిల్స్ ఎక్కేది కాదు, మర్చిపోయారా? మాసబ్‌ట్యాంక్ దాటగానే ఏసీ బంద్ చేసి నాకు విసనకర్ర ఇచ్చేవారు!’ అంకుల్ నవ్వి, ‘నువ్వు ఎక్కకపోతే బండి ఎక్కేదే’ అన్నారు. ఆ పూట కాఫీ రాలేదు మాకు.

ఇంకో సంగతి. 800 తయారీ ఆగింది 2014 జనవరిలో. కానీ మన ఊళ్లో దాని అమ్మకం 2010 ఏప్రిల్లోనే ముగిసింది. దేశంలో పదమూడు నగరాల్లో భారత్ స్టేజ్ 4 కాలుష్య నిబంధనలు అప్పుడే అమల్లోకి వచ్చాయి, అందులో హైదరాబాదు ఒకటి. 800 ని ఆ నిబంధనలకి తగ్గట్టు మార్చలేదు. జిల్లాల్లో దొరికే బండి రాజధానిలో దొరక్కుండా పోయింది.

నన్నడిగితే మాత్రం ఓటు మారుతీ వాళ్ల జెన్‌కే. 1993లో వచ్చింది, 2006 దాకా అమ్మారు. 993 సీసీ ఇంజన్, యాభై గుర్రాల బలం, అయిదు గేర్లు. బరువు ఎనిమిది వందల కిలోలు కూడా ఉండదు కాబట్టి ఆ యాభై గుర్రాలే దానికి దండిగా సరిపోయేవి. సీటు నేలకి దగ్గరగా ఉండేది. డ్యాష్‌బోర్డు ఎత్తు తక్కువ, అద్దాలు పెద్దవి, అద్దాల మధ్య స్తంభాలు సన్నం. బండి ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో కూర్చున్న చోటి నుంచే తెలిసేది. బేగంబజార్ సందులో ఒకవైపు మిర్చి బస్తాల బండి, మరోవైపు గోడ ఉన్నా ఎంత జాగా మిగిలిందో కంటితో కొలుచుకుని దూరిపోవచ్చు. ఇప్పటి కార్లలో కెమెరా చెబితే తప్ప వెనక ఏముందో తెలియదు. దానికీ కారణం ఉంది. కారు పల్టీ కొట్టినా పైకప్పు నలగకూడదు, తల దగ్గర ఎయిర్‌బ్యాగులు పట్టాలి, అందుకని స్తంభాలు లావయ్యాయి.

మొదటి జెన్‌లలో పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ ఉండేది. మలక్‌పేటలో ఒక మెకానిక్ దాన్ని సరిచేసే పద్ధతి చూసి తీరాలి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి పక్కన పెట్టి, ఇంజన్ ఆన్ చేసి, స్క్రూడ్రైవర్‌తో మిక్చర్ స్క్రూని పావు చుట్టు తిప్పుతాడు. ఇంజన్ వణుకుతుంది. ఇంకాస్త తిప్పుతాడు. వణుకు తగ్గి, చప్పుడు ఒక దారిలో పడుతుంది. బానెట్ మీద చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఓ నిమిషం నిలబడతాడు. ‘గిప్పటి బండ్లకు కంప్యూటర్ పెట్టాలె సార్, దీనికి చెవి పెడితే సాలు’ అన్నాడొకసారి. బిల్లు మాత్రం కంప్యూటర్ పెట్టినట్టే వేశాడు.

క్వాలిస్ వేరే రకం అభిమానం. 2000లో వచ్చింది, బెంగళూరు దగ్గర బిడదిలో టయోటా ఫ్యాక్టరీ నుంచి. హైటెక్ సిటీలో కాల్‌సెంటర్లు పుట్టిన రోజులవి. అర్ధరాత్రి రోడ్డు మీద తిరిగేవి క్వాలిస్‌లూ సుమోలే. చూడటానికి డబ్బా. కానీ డీజిల్ ఇంజన్ అలిసిపోవడం ఎరగదు. బాగా అమ్ముడవుతుండగానే 2005లో ఆపేసి దాని స్థానంలో ఇన్నోవా తెచ్చారు. పెద్ద కుటుంబాల వాళ్లు ఇప్పటికీ ఆ సంగతి మీద గుర్రుగానే ఉన్నారు. ఫోర్డ్ ఐకాన్, మొదటి హోండా సిటీ, ఫియట్ పాలియో... వీటికీ వీరాభిమానులున్నారు. మిగతా పేర్లు చెప్పలేదని తిట్టుకోకండి, సమయం చాలదు.

మరి జనం అంతగా అడుగుతుంటే కంపెనీలు మళ్లీ ఎందుకు తేవు? తెచ్చి చూశారు. శాంత్రో 1998లో వచ్చి పదహారేళ్లు నడిచింది. ఆ ఎత్తు కప్పుని చూసి మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత తలపాగాతో కూడా హాయిగా కూర్చోవచ్చన్నారు. 2018లో హ్యుందాయ్ వాళ్లు అదే పేరుతో కొత్త కారు తెచ్చారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 2022లో, ఆపేశారు. పేరు పాతదే కానీ బండి ఆ బండి కాదు. దాని మీద మనసున్నవాళ్లు ఈలోపు పెద్ద కార్లకి అలవాటు పడిపోయారు కూడా.

పాత బండిని ఉన్నది ఉన్నట్టు తేవడమైతే చట్టం ఒప్పుకోదు. 2019 నుంచి కొత్త కారులో డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్ 6. ఆరువందల చిల్లర కిలోల కారు ఈ పరీక్షలన్నీ నెగ్గాలంటే అది ఆరువందల చిల్లర కిలోల కారుగా మిగలదు. ఆ నిబంధనలు వద్దని మాత్రం నేననను. 2014లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు ఎయిర్‌బ్యాగులు లేని అయిదు భారతీయ చిన్న కార్లని గుద్ది చూస్తే అయిదింటికీ సున్నా నక్షత్రాలే వచ్చాయి. అవి జెన్, 800 ల కంటే కొత్తవి. ఔటర్ రింగు రోడ్డు మీద నా జెన్‌లో నా మనవరాలిని కూర్చోబెట్టి తీసుకెళ్లమంటే వెళ్లను. బేగంబజార్‌కి మాత్రం ఇవాళైనా సై.

అందుకని ఎవరైనా నిజంగానే పాత కారు కొనుక్కోవాలనుకుంటే ఊళ్లో తిరగడానికి, ఆదివారం పూట సరదాకి కొనుక్కోండి. ముందు ఆర్సీ చూడండి. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అదీ అయిదేళ్లకే. ఆరువందలుండే ఆ ఫీజుని 2022 ఏప్రిల్లో అయిదువేలు చేశారు. స్పేర్ పార్టుల సంగతి రాణిగంజ్‌లో అడిగాకే బేరం ఆడండి. 800 ఇంజనే ఓమ్నీలోనూ ఉండేది కాబట్టి దానికి సామాను దొరుకుతుంది. దేశం విడిచి వెళ్లిపోయిన కంపెనీల కార్లకి ఒక్క హెడ్‌లైట్ కోసం నెలలు తిరగాల్సి రావచ్చు. కాళ్ల కింద మ్యాట్ ఎత్తి తుప్పు చూడండి, తలుపుల అడుగున వేలు పెట్టి చూడండి. పైన పెయింటు ఎంత మెరిసినా తుప్పు అక్కడే దాక్కుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీరు వెళ్లేసరికి అమ్మేవాళ్లు బండిని స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచితే, చాయ్ తాగి మర్యాదగా వచ్చేయండి. మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్లి, చల్లగా ఉన్న ఇంజన్‌ని మీ చేత్తోనే స్టార్ట్ చేసి, పొగ ఏ రంగులో వస్తోందో వెనక్కి వెళ్లి చూసి, అప్పుడు ధర అడగండి.

నమస్కారం.