చెవిన పడని చిన్న మాటలు

శ్రోతలకు నమస్కారం.

"పదేళ్ళు ఇంగ్లీషు చదివాను. టెన్త్‌లో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఎవరైనా గబగబా నాలుగు ముక్కలు మాట్లాడితే తెల్లమొహం వేస్తాను." ఈ మాట వినపడని తెలుగు ఇల్లు అరుదు. ఇంటర్వ్యూ గదిలోంచి బయటికొచ్చిన కుర్రాడు అంటాడు. అమెరికాలో మనవల దగ్గర ఆరు నెలలుండి వచ్చిన అమ్మమ్మ అంటుంది. బ్యాంకులో పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఉద్యోగి కూడా అంటాడు. ఆ వెంటనే ఇంకో మాట వస్తుంది: "చిన్నప్పుడే కాన్వెంటులో వేసి ఉంటే ఎంత బాగుండేదో!"

ఆ బాధ నిజమైనదే, కాదనను. కానీ తప్పంతా మీడియం మీదికి నెట్టేయడం నాకు సరైనదిగా తోచదు. తెలుగు మీడియమైనా ఇంగ్లీషు మీడియమైనా మన బళ్ళు చాలావరకు ఇంగ్లీషును కంటితో చదివించాయి, చేత్తో రాయించాయి. చెవికి పని చెప్పలేదు. పాఠం చదవడం, తెలుగులో అర్థం చెప్పడం, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాయడం, వాటిని బట్టీ పట్టడం. అలా సాగింది. ఉపాధ్యాయులను నిందించి లాభం లేదు. ఇంగ్లీషు బోధన కోసమే 1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు, ఈనాటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. శిక్షణ ఉంది, పద్ధతులూ ఉన్నాయి. కానీ పరీక్షలో లేనిది తరగతిలో నిలవదు. తెలంగాణ ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషుకు ప్రాక్టికల్స్ వచ్చింది 2023-24లో. అంటే చెవికీ నోటికీ మార్కులు పడటం ఇప్పుడిప్పుడే మొదలైంది.

సరే, జరిగిపోయిన బడిని మార్చలేం. చెవికి ఇవాళ పని చెప్పొచ్చు. అందుకు ఒకే ఒక్క సాధనం గురించి మాట్లాడతాను. పేరు మీకు తెలిసినదే: డిక్టేషన్. బళ్ళో చేసిన డిక్టేషన్ వేరు, నేను చెప్పబోయేది వేరు. ఆ తేడాలోనే అంతా ఉంది.

ఒక వాక్యం తీసుకుందాం. వార్తల్లో వర్షాకాలం ప్రతి ఏడూ వినే వాక్యం లాంటిదే. శ్రీశైలం డ్యామ్ గేట్లు రాత్రి ఎత్తారు. ఇంగ్లీషులో: ద గేట్స్ అవ్ ద శ్రీశైలం డ్యామ్ వర్ ఓపన్డ్ లాస్ట్ నైట్. మొత్తం పది మాటలు. కష్టమైన మాట ఒక్కటీ లేదు. ఆరో తరగతి పిల్లలకు కూడా అన్నీ తెలిసినవే.

ఇదే వాక్యాన్ని మామూలు వేగంతో వినిపించి రాయమంటే, కంటితో ఇంగ్లీషు నేర్చుకున్నవారి కాగితం మీద సాధారణంగా కనపడేది ఇది: గేట్, శ్రీశైలం, డ్యామ్, ఓపెన్, లాస్ట్ నైట్. ఆరు మాటలు. పోయినవేమిటి? ముందున్న 'ద' పోయింది. గేట్స్ చివర 'స్' పోయింది. 'అవ్' పోయింది. ఇంకో 'ద' పోయింది. 'వర్' పోయింది. ఓపన్డ్ చివర 'డ్' పోయింది. నాలుగు చిన్న మాటలు, రెండు తోకలు.

అర్థమైందిగా, పోతే ఏం అంటారా? ఈ వాక్యంలో అర్థమైంది, ఎందుకంటే శ్రీశైలం గేట్ల సంగతి మనకు ముందే తెలుసు. ఇంకో వాక్యం వినండి. ద పోలీస్ కాల్డ్. అంటే పోలీసులు ఫోన్ చేశారు. ద పోలీస్ వర్ కాల్డ్. అంటే పోలీసుల్ని పిలిపించారు. మధ్యలో ఆ చిన్న 'వర్' వినపడకపోతే కథ తలకిందులవుతుంది. మాట్లాడేటప్పుడూ అంతే. మనం వినని మాటలు మన నోట్లోకి రావు. మన ఇంగ్లీషులో 'ద', 'వాజ్', 'వర్' ఎగిరిపోతున్నాయంటే గ్రామర్ రాక అనుకుంటాం. గ్రామర్ పుస్తకం మళ్ళీ కొంటాం. పుస్తకంలో ఆ రూల్ మనకు వచ్చు, ఖాళీలు పూరించమంటే పూరిస్తాం. చెవిలో మాత్రం ఆ మాట ఎన్నడూ పడలేదు.

ఎందుకు పడలేదు? ఇది కాస్త జాగ్రత్తగా వినండి. తెలుగులో చాలావరకు ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో అలా కాదు. వాక్యంలో కొన్ని మాటలనే నొక్కుతారు: గేట్స్, డ్యామ్, ఓపన్డ్, నైట్. మిగిలినవి వాటి మధ్య నలిగిపోతాయి. 'ఓ ఎఫ్' అని స్పెల్లింగ్ రాసే మాటను బళ్ళో 'ఆఫ్' అని నేర్పారు. అది అసలు 'అవ్'. వేగంలో ఒట్టి 'అ' అయిపోతుంది. 'వర్' అనే మాటను 'వేర్' అని చదివించారు, దాంతో అది 'ఎక్కడ' అనే మాటతో కలిసిపోయింది. మాటల మధ్యలో పడినప్పుడు అది ఒట్టి 'వ'. మన చెవి 'ఆఫ్' కోసం, 'వేర్' కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అవి రావు. వచ్చిన 'అ', 'వ' ఏమిటో గుర్తుపట్టదు. చెవిలో లోపం లేదు, దానికిచ్చిన ఆనవాళ్ళే తప్పు. అంతే.

ఇప్పుడు పద్ధతి చెబుతాను. రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఎక్కువొద్దు, నిజంగానే వద్దు. 

ముందుగా, ఆడియోతో పాటు దాని రాతప్రతి, అంటే ట్రాన్స్‌క్రిప్ట్, కూడా దొరికేదే ఎంచుకోండి. బ్రిటిష్ కౌన్సిల్, బీబీసీ వాళ్ళ ఇంగ్లీషు నేర్పే వెబ్‌సైట్లలో రెండూ కలిసి ఉచితంగా దొరుకుతాయి. అందులోంచి ఇరవై సెకన్ల ముక్క తీసుకోండి. వార్తలు చదివే వేగంలో ఇరవై సెకన్లంటే సుమారు యాభై మాటలు, నాలుగైదు వాక్యాలు. చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. సినిమా పెట్టుకుంటారు, అరగంట ఉపన్యాసం పెట్టుకుంటారు, కింద సబ్‌టైటిల్స్ పెట్టుకుంటారు. సబ్‌టైటిల్ ఉంటే కన్ను చదివేస్తుంది, చెవి మళ్ళీ సెలవు తీసుకుంటుంది.

మొదట పెన్ను కింద పెట్టి మూడుసార్లు వినండి. ఊరికే వినండి. తర్వాత ఐదారు మాటలకోసారి ఆపుతూ రాయండి. ఎక్కడ ఆపాలన్నది ముఖ్యం. ఒక్కో మాటకు ఆపకూడదు. 'ద గేట్స్ అవ్ ద శ్రీశైలం డ్యామ్', అక్కడ ఆపండి. 'వర్ ఓపన్డ్ లాస్ట్ నైట్', అక్కడ ఆపండి. వినపడని చోట గీత గీసి ఖాళీ వదలండి, ఊహించి పూరించకండి. ఒక్కో ముక్కను నాలుగుసార్లకు మించి వెనక్కి తిప్పకండి. నాలుగుసార్లకు వినపడనిది నలభైసార్లకూ వినపడదు, రాతప్రతి చూస్తేనే వినపడుతుంది.

ఇప్పుడు రాతప్రతి తీయండి. ఎర్ర పెన్ను పట్టుకుని పోల్చండి. ఇక్కడ రెండు రకాల తప్పులుంటాయి, వాటిని కలపొద్దు. వినపడనివాటికి సున్నా చుట్టండి. విని కూడా స్పెల్లింగ్ తప్పు రాసినవాటికి కింద చిన్న గీత పెట్టి వదిలేయండి. బళ్ళో డిక్టేషన్ అంటే స్పెల్లింగ్ తప్పులు లెక్కపెట్టడమే. మనకు కావలసింది సున్నాలు. ఆ సున్నాలు చూస్తే మీ చెవి దేన్ని పట్టుకోలేకపోతోందో అక్షరాలా కనపడుతుంది. నలుగురు కూర్చుని ఒకే ముక్క రాసినా నలుగురి సున్నాలూ ఒకే చోట పడవు. ఏ స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సూ మీకు విడిగా ఇంత చెప్పదు.

చివరి పని, దయచేసి దీన్ని వదలకండి. సున్నా చుట్టిన చోటును మళ్ళీ వినండి, ఈసారి కాగితం చూస్తూ. 'ఓహో, ఇదా' అనిపిస్తుంది. అప్పుడు ఆ ముక్కను, ఒంటరి మాటను కాదు, ఆ ముక్క మొత్తాన్ని, రికార్డింగ్‌తో పాటు బయటికి ఐదుసార్లు అనండి. 'వర్ ఓపన్డ్ లాస్ట్ నైట్'. 'లాస్ట్'లో చివరి 'ట్' కూడా వేగంలో పోతుంది, 'లాస్ నైట్' లాగా వినిపిస్తుంది. అలాగే అనండి. మర్నాడు కొత్త ముక్కకు ముందు పాత ముక్కను కాగితం చూడకుండా ఒకసారి వినండి. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి. అంతే.

ఒక అలవాటు గురించి. పిల్లలు ఇంగ్లీషు మాట మీద పెన్సిలుతో తెలుగులో ఉచ్చారణ రాసుకుంటారు. టీచర్లు తిడతారు. నేను తిట్టను. కాకపోతే స్పెల్లింగ్ చూసి రాసుకుంటే పనికిరాదు, విని రాసుకుంటేనే పనికొస్తుంది. 'వర్కెడ్' అని రాసుకున్న పిల్ల జీవితాంతం వర్కెడ్ అనే అంటుంది.

ఆ 'ఈ డి' తోక గురించి కొంచెం ఆగి చెప్పాలి, మన సున్నాలు చాలావరకు అక్కడే పడతాయి కాబట్టి. స్పెల్లింగ్ ఒకటే, శబ్దాలు మూడు. మాట చివర ప్, క్, స్, ష్, చ్, ఫ్ లాంటి శబ్దముంటే తోక 'ట్' అవుతుంది: స్టాప్ట్, వర్క్ట్, పాస్ట్, వాష్ట్, వాచ్ట్, లాఫ్ట్. మాట చివర ట్ గాని డ్ గాని ఉంటే తోక 'ఇడ్' అవుతుంది: వాంటిడ్, నీడిడ్. మిగిలిన అన్నిచోట్లా ఒట్టి 'డ్': ఓపన్డ్, కాల్డ్, ప్లేడ్. మళ్ళీ చెబుతున్నాను, 'ఇడ్' అని విడిగా పలికేది ట్, డ్‌ల తర్వాత మాత్రమే. మన బళ్ళలో అన్నిటికీ 'ఎడ్' అన్నారు. అందుకే ఎవరైనా 'వి వాక్ట్ హోమ్' అంటే మనకు 'వాక్' దగ్గరే ఆగిపోయినట్టుంటుంది, జరిగిపోయిన పని అని చెవికి తెలియదు.

నోటి విషయానికొస్తే ఇంకొక్కటి. 'నేను రాగలను' అని చెప్పడానికి మనం 'ఐ క్యాన్ కమ్' అని 'క్యాన్'ను గట్టిగా నొక్కుతాం. అమెరికన్ల చెవికి అది 'క్యాంట్' లాగా, రాలేను అన్నట్టుగా వినపడే ప్రమాదముంది. ఎందుకంటే వాళ్ళు 'క్యాన్'ను నలిపేస్తారు, 'ఐ కన్ కమ్' అంటారు. బరువంతా 'కమ్' మీద. రాలేను అనేటప్పుడు మాత్రమే 'క్యాంట్' మీద బరువు. ఫోన్లో డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు, పై ఆఫీసరుతో మాట్లాడేటప్పుడు ఇది చిన్న విషయం కాదు.

ఫోన్ లేనివాళ్ళు, ఇంటర్నెట్ అందనివాళ్ళు ఏం చేయాలి? ఇంట్లో ఒకరు చదవాలి, ఒకరు రాయాలి. హైస్కూల్లో చదివే అమ్మాయి చదివితే అమ్మ రాయొచ్చు, రేపు అమ్మ చదవొచ్చు. చదివేవాళ్ళకు నియమం ఒకటే: మాట మాటకూ ఆగి 'ద... గేట్స్... ఆఫ్' అని చదవకూడదు. అలా చదివితే నలిగిన మాటలు మళ్ళీ నిండుగా వచ్చేస్తాయి, అసలు పని పోతుంది. తరగతిలో డిక్టేషన్ చెప్పే ఉపాధ్యాయులకూ ఇదే మనవి. మొదటిసారి మామూలు వేగంతో, పిల్లల పెన్నులు కింద. రెండోసారి ముక్కముక్కగా ఆగుతూ. మూడోసారి మళ్ళీ మామూలు వేగంతో, దిద్దుకోవడానికి. ఐదు వాక్యాలకు ఎనిమిది నిమిషాలు పడుతుంది. నలభై ఐదు నిమిషాల పీరియడ్‌లో ఆ ఎనిమిది నిమిషాలు వారానికి మూడుసార్లు దొరికినా పిల్లలకు మేలే.

ఇక కాగితం, పెన్ను తీసుకోండి. ఒక వాక్యం మూడుసార్లు చదువుతాను. మొదటిసారి రాయకండి.

ద బస్ స్టాప్ట్ అట్ ద బ్రిడ్జ్ అండ్ వి వాక్ట్ హోమ్.

ఇప్పుడు రాయండి. ద బస్ స్టాప్ట్ అట్ ద బ్రిడ్జ్... (ఏడు సెకన్ల విరామం) ...అండ్ వి వాక్ట్ హోమ్. (ఏడు సెకన్ల విరామం)

చివరిసారి, దిద్దుకోండి. ద బస్ స్టాప్ట్ అట్ ద బ్రిడ్జ్ అండ్ వి వాక్ట్ హోమ్.

మొత్తం పది మాటలు రావాలి. లెక్కపెట్టండి. 'ద' రెండుసార్లు ఉందా? 'అట్' ఉందా? వేగంలో 'అన్' అయిపోయిన 'అండ్' ఉందా? స్టాప్, వాక్ అని రాసినవాళ్ళు వాటి పక్కన 'ఈ డి' చేర్చి, రెండిటికీ సున్నా చుట్టండి. ఇప్పుడు బయటికి ఐదుసార్లు అనండి: బస్ స్టాప్ట్, వి వాక్ట్. రేపు ఇదే వాక్యాన్ని ఇంట్లో ఎవరిచేతనైనా చదివించుకుని, కొత్త కాగితం మీద మళ్ళీ రాయండి.

నమస్కారం.