పట్వాఖాలీ ఎన్నిక నుంచి బెంగాల్ విభజన దాకా

అందరికీ నమస్కారం. విభజన మాట రాగానే మనం "వాళ్లకీ వీళ్లకీ ఎప్పుడూ పడేది కాదు, అందుకే విడిపోయారు" అనేస్తాం. బెంగాల్ సంగతి చూస్తే ఆ మాట నిలబడదు.

1937 ఎన్నికల్లో తూర్పు బెంగాల్‌లోని పట్వాఖాలీలో ఢాకా నవాబుల కుటుంబానికి చెందిన ముస్లిం లీగ్ నాయకుడు ఖ్వాజా నజీముద్దీన్‌ని రైతుల నాయకుడు ఫజ్లుల్ హక్ ఓడించారు. హక్ పార్టీ పేరే కృషక్ ప్రజా పార్టీ, రైతులు ఆయన వెంట నిలిచింది జమీందారీ భారం, అప్పుల బాధ వల్ల. తూర్పు బెంగాల్‌లో జమీందార్లు, వడ్డీ వ్యాపారులు ఎక్కువగా హిందువులు, కౌలుదార్లు ఎక్కువగా ముస్లింలు, అంటే భూమి తగాదాకి మతం రంగు పులమడం ఎవరికైనా తేలికే. అయినా హక్ ముందు చెయ్యి చాపింది కాంగ్రెస్ వైపు! పొత్తు కుదరలేదు. లీగ్‌తో కలిసి ప్రభుత్వం పెట్టారు, 1940లో ముస్లింలు ఎక్కువున్న ప్రాంతాలకి వేరే రాజ్యాలు కావాలన్న లాహోర్ తీర్మానం ప్రవేశపెట్టిందీ ఆయనే. మళ్లీ 1941లో లీగ్‌తో తెంచుకుని హిందూ మహాసభ నాయకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీని ఆర్థిక మంత్రిగా పెట్టుకుని ప్రభుత్వం నడిపారు. ఎప్పుడూ పడనివాళ్లు ఇలా చేస్తారా?

మరి టెన్షన్ ఎక్కడ పెరిగింది? నన్నడిగితే, 1909లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన ప్రత్యేక నియోజకవర్గాల్లో. ముస్లిం సీటుకి ముస్లింలే ఓటేయాలి, పోటీ చేసేదీ ముస్లింలే. పట్వాఖాలీ కూడా అలాంటి సీటే. పక్కింటి హిందువు ఓటు అవసరమే లేని నాయకుడు అతని భయాన్ని ఎందుకు పట్టించుకుంటాడు? అటువైపూ అంతే. 1943 కరువులో లక్షలమంది చచ్చిపోతుంటే సాయం ఎవరికి అందిందన్న గొడవ కూడా మతం లెక్కల్లోకే పోయింది. 1946 ఎన్నికల్లో ముస్లిం సీట్లు దాదాపు అన్నీ లీగ్‌కే. ఆ ఆగస్టు 16న కలకత్తాలో మొదలైన మారణకాండలో వేలమంది పోయారు, అక్టోబర్‌లో తూర్పు బెంగాల్‌లోని నోవాఖాలీలో అల్లర్లు. ఇంత జరిగాక కూడా ఆ చలికాలంలోనే తేభాగా ఉద్యమంలో హిందూ, ముస్లిం కౌలు రైతులు కలిసి పంటలో మూడింట రెండు వంతులు మాకే కావాలని నిలబడ్డారు. మన పుస్తకాల్లో దీనికి చోటే దొరకదు, నాకు బాధ అక్కడే.

1947లో బెంగాల్ నాయకుడు శరత్ బోస్, అప్పటి బెంగాల్ ప్రధానమంత్రి, లీగ్ నాయకుడు సుహ్రావర్దీ కలిసి బెంగాల్‌ని ఒక్కటిగా ఉంచాలని ప్రయత్నించారు, కాంగ్రెస్ పెద్దలు ఒప్పుకోలేదు. జూన్ 20న బెంగాల్ శాసనసభలో సభ్యుల్ని రెండు భాగాలు చేసి విభజన మీద ఓటు పెట్టారు. ముస్లింలు ఎక్కువున్న జిల్లాల సభ్యులు 106-35తో విభజన వద్దన్నారు, హిందువులు ఎక్కువున్న జిల్లాల సభ్యులు 58-21తో కావాలన్నారు. ఏ ఒక్క భాగం కావాలన్నా చాలు, అదీ రూలు. ఆ ఓట్లేసిన సభ్యుల్లో చాలామంది ప్రత్యేక సీట్ల పద్ధతిలో గెలిచి వచ్చినవాళ్లే, తేభాగా రైతుల్ని మాత్రం ఎవరూ అడగలేదు.