గడియ వేసిన తలుపు వెనక 200 మైక్రోసెకన్లు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఆఖరి సంవత్సరం ఈసీఈ వాళ్లే ఎక్కువగా ఉన్నారని చెప్పారు. అందుకని మైక్రోకంట్రోలర్ అంటే ఏమిటో మొదటి నుంచి చెప్పను. మూడు వారాలు మాకు నిద్ర లేకుండా చేసిన ఒక బోర్డు సంగతితో మొదలుపెడతాను.

72 మెగాహెర్ట్జ్ మీద నడిచే కార్టెక్స్-ఎం3 ప్రాసెసర్ ఉన్న బోర్డు అది. అందులో ఫ్రీఆర్‌టీఓఎస్ పెట్టాం, అంటే టాస్కులను వాటి ప్రయారిటీని బట్టి నడిపే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. ఒక సెన్సర్ నుంచి 115200 బాడ్ రేటుతో, అంటే సెకనుకు అన్ని బిట్ల వేగంతో, సీరియల్ లైన్‌లో డేటా వచ్చేది. మా ల్యాబ్‌లో అంతా బాగానే నడిచింది. కస్టమర్ దగ్గర బిగించాక మాత్రం రోజుకు రెండు మూడు ప్యాకెట్లు చెడిపోయేవి. ప్రతిసారీ పోయేది ఒక్క బైటే. కేబుల్ మార్చాం, ఎర్తింగ్ చూశాం, చివరికి సెన్సర్‌నే అనుమానించాం.

ఒక చిన్న లెక్క చూడండి. స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి ఒక బైట్‌కు 10 బిట్లు. 115200 బాడ్ దగ్గర అది సుమారు 87 మైక్రోసెకన్లు. ఆ చిప్‌లో సీరియల్ పోర్టుకు ఫైఫో లేదు, అంటే వచ్చిన బైట్లను వరుసగా నిలవ ఉంచే చోటు లేదు. వచ్చిన బైట్‌ను, తర్వాతి బైట్ పూర్తయ్యేలోగా మనం తీసేసుకోవాలి. లేకపోతే ఓవర్‌రన్ అయి ఒక బైట్ పోతుంది. అంటే మా గడువు 87 మైక్రోసెకన్లు. బైట్ రాగానే పోర్టు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతమే ఇంటరప్ట్, దానికి బదులిచ్చే ఫంక్షన్ హ్యాండ్లర్. ఇక ప్రాసెసర్ మాన్యువల్ చూస్తే, ఇంటరప్ట్ వచ్చిన 12 క్లాక్ సైకిళ్లలో హ్యాండ్లర్ మొదలవుతుందని ఉంటుంది. అది 0.17 మైక్రోసెకన్. గడువు దానికి 500 రెట్లు ఉంది కదా! అందుకే మాలో ఎవరికీ అటువైపు చూడాలనే అనిపించలేదు.

ఆ 12 సైకిళ్ల సంగతి అబద్ధం కాదు. ఆ కాస్త సమయంలో హార్డ్‌వేర్ తనంతట తానే 8 రిజిస్టర్లను, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గదుల్లోని విలువలను, స్టాక్ అనే మెమరీ మీద దాచి పెడుతుంది: ఆర్0 నుంచి ఆర్3 వరకు, ఆర్12, లింక్ రిజిస్టర్, ప్రోగ్రామ్ కౌంటర్, స్టేటస్ రిజిస్టర్. హ్యాండ్లర్‌ను మామూలు సీ ఫంక్షన్‌లా రాసుకోగలుగుతున్నామంటే దీనివల్లే. నాకు ఈ డిజైన్ అంటే చాలా ఇష్టం. వెయిట్ స్టేట్లు లేని, అంటే ప్రాసెసర్‌ను ఆగమనని మెమరీకి చెప్పిన అంకె కాబట్టి, ఫ్లాష్ నుంచి నడిచేటప్పుడు ఇంకొన్ని సైకిళ్లు కలుస్తాయి. అది పెద్ద తేడా కాదు. పెద్ద తేడా ఎక్కడంటే, ఆ 12 సైకిళ్లు ప్రాసెసర్ తలుపు తీసి ఉన్నప్పుడు మొదలవుతాయి. లోపల గడియ వేసి ఉంటే ఇంటరప్ట్ గుమ్మం దగ్గరే నిలబడుతుంది.

మా కోడ్‌లో గడియ వేసింది లాగ్ రాసే ఫంక్షన్. ఒక పెద్ద లిస్టును కాపీ చేసేటప్పుడు మధ్యలో ఎవరూ దాన్ని మార్చకూడదని క్రిటికల్ సెక్షన్ పెట్టాం, అంటే ఆ కాసేపు ఇంటరప్ట్‌లను ఆపి ఉంచే చోటు. లిస్టు చిన్నగా ఉన్నప్పుడు ఇబ్బంది లేదు. కస్టమర్ దగ్గర ఎర్రర్లు ఎక్కువై లిస్టు పెరిగితే ఆ కాపీకి 200 మైక్రోసెకన్లు పట్టేది. ఫ్రీఆర్‌టీఓఎస్ క్రిటికల్ సెక్షన్ అన్ని ఇంటరప్ట్‌లనూ ఆపదు, ప్రయారిటీలో ఒక గీత పెట్టి దానికి దిగువన ఉన్నవాటినే ఆపుతుంది. కానీ మా సీరియల్ హ్యాండ్లర్ బైట్‌లను క్యూలో వేస్తుంది. క్యూను వాడే హ్యాండ్లర్ ఆ గీతకు పైన ఉండకూడదు. కాబట్టి అదీ ఆగింది.

దీన్ని ఎలా పట్టుకున్నామో చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒక టైమర్‌ను సున్నా నుంచి లెక్కపెట్టనివ్వండి. అది నిండి మళ్లీ సున్నాకు రాగానే ఇంటరప్ట్ రావాలి. హ్యాండ్లర్ మొదటి లైన్లోనే ఆ టైమర్‌ను చదవండి. అందులో ఉన్న అంకే మీ లేటెన్సీ, అంటే ఇంటరప్ట్ వచ్చాక హ్యాండ్లర్ మొదలవడానికి పట్టిన సమయం. టైమర్ ఇంటరప్ట్‌కు ప్రయారిటీ మాత్రం మీరు అనుమానించే ఇంటరప్ట్‌తో సమానంగా ఉండాలి. సగటు తీయకండి. అన్నిటికంటే పెద్ద అంకెను మాత్రం దాచుకుని, రాత్రంతా వదిలేయండి. మా సగటు అర మైక్రోసెకన్ కూడా లేదు, పొద్దున చూస్తే పెద్ద అంకె 200 దాటింది. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్లు పొంగే క్షణంలో అక్కడ ఉన్నారా లేదా అన్నదే లెక్క కదా! కాపీ మానేసి రెండు బఫర్లు పెట్టాం. గడియ వేసిన చోట ఇప్పుడు ఒక పాయింటర్ మారుతుంది, అంతే.

ఇక కాంటెక్స్ట్ స్విచ్, అంటే ఒక టాస్కును ఆపి ఇంకొకదాన్ని నడపడం. హార్డ్‌వేర్ 8 రిజిస్టర్లు దాచిందన్నాను కదా, మిగతా ఆర్4 నుంచి ఆర్11 వరకు సాఫ్ట్‌వేర్ దాచాలి. ఆ పని పెండ్‌ఎస్‌వీ అనే, ఇంటరప్ట్ లాంటి ఎక్సెప్షన్‌లో జరుగుతుంది. దానికి అన్నిటికంటే తక్కువ ప్రయారిటీ ఇస్తారు, అందుకే హ్యాండ్లర్లన్నీ ముగిశాకే టాస్కు మారుతుంది. కార్టెక్స్-ఎం3 మీద ఒక స్విచ్‌కు 84 సైకిళ్లని ఫ్రీఆర్‌టీఓఎస్ వాళ్లు చెబుతారు. స్టాక్ ఓవర్‌ఫ్లో చెకింగ్, ట్రేసింగ్ ఆపేసి తీసిన అంకె అది. మా బోర్డు మీద లెక్కేస్తే 1.2 మైక్రోసెకన్లు.

స్విచ్ ఎంత వేగంగా జరిగినా, నడవాల్సిన టాస్కు తాళం దగ్గర ఆగిపోతే లాభం లేదు. 1997 జులై 4న మార్స్ మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్‌కు అదే జరిగింది. వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే దాని కంప్యూటర్ అక్కడ పదేపదే రీసెట్ అయింది. వాతావరణం డేటా చూసే తక్కువ ప్రయారిటీ టాస్కు మ్యూటెక్స్ అనే తాళం పట్టుకుని ఉంది. మధ్య ప్రయారిటీ టాస్కులు దాన్ని నడవనివ్వలేదు. ఆ మ్యూటెక్స్ కోసం, డేటా వెళ్లే బస్‌ను చూసే ముఖ్యమైన టాస్కు ఆగిపోయింది. గడువు దాటగానే సిస్టమ్ రీసెట్. భూమి మీదున్న నమూనాలో అదే తప్పును మళ్లీ తెప్పించి, ఆ మ్యూటెక్స్‌కు ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ ఆన్ చేసే మార్పును ఇక్కడి నుంచే పంపారు. అంటే తాళం పట్టుకున్న టాస్కుకు, దానికోసం ఆగిన టాస్కు ప్రయారిటీ అప్పటికి వస్తుంది.

ఈ టేబుల్ మీద ఉన్నది అలాంటి కార్టెక్స్-ఎం3 బోర్డే. ఇప్పుడు ఇందులో పాత కాపీ కోడ్ నడుస్తోంది. సిగ్నల్‌ను గీతగా చూపే స్కోప్‌ను పర్సిస్టెన్స్‌లో పెట్టాను, అంటే పాత గీతలు చెరిగిపోవు. ముందు వరుసలో వాళ్లు లేచి రండి. కుడివైపు విడిగా ఒక సన్నని గీత కనిపిస్తోందా? అది ఎన్ని మైక్రోసెకన్ల దగ్గరుందో చదివి చెప్పండి. తర్వాత కొత్త కోడ్ ఎక్కిస్తాను.