ఎడారిలో సముద్రం ఎక్కాం

స్క్రీన్ మీద ఊగుతున్నది కెమెరా కాదండీ, మా టెంట్. టైమ్ రాత్రి రెండు. నలుగురం నాలుగు మూలల్లో పడుకున్నాం. నిద్ర కోసం కాదు, టెంట్ ఎగిరిపోకుండా బరువు కోసం.

ఇది పశ్చిమ టెక్సస్, గ్వాడలూప్ మౌంటెన్స్ నేషనల్ పార్క్. మార్చిలో మా యూనివర్సిటీకి వారం రోజులు స్ప్రింగ్ బ్రేక్. అందరూ బీచ్‌లకి పోతుంటే మేం డల్లాస్ నుంచి ఎనిమిది గంటలు కారు నడుపుకుంటూ ఎడారికి వచ్చాం. వసంతకాలంలో ఇక్కడ గాలులు జోరుగా ఉంటాయని పార్క్ వాళ్ళు ముందే రాసి పెట్టారు. చదివాం కూడా. గాలే కదా అనుకున్నాం! కట్టెల మంట, బొగ్గుల పొయ్యి ఇక్కడ నిషేధం. ఎందుకో ఆ రాత్రే అర్థమైంది. ఆ గాలిలో ఒక్క నిప్పురవ్వ ఎగిరితే కొండ కొండంతా అంటుకుంటుంది. చిన్న గ్యాస్ స్టవ్ ఉంది కాబట్టి పొద్దున్నే టీ అయినా దక్కింది.

అదిగో, ఆ కనిపించేదే గ్వాడలూప్ పీక్. 8,751 అడుగులు, టెక్సస్ మొత్తంలో ఇదే ఎత్తు. పోను రాను పదమూడున్నర కిలోమీటర్లు, అందులో దాదాపు 3,000 అడుగుల ఎక్కుడు. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళమేగా అని ధైర్యం చెప్పుకున్నాం. కానీ అలిపిరిలో మెట్లుంటాయి, నెత్తిన కప్పు ఉంటుంది, దారిలో మజ్జిగ దొరుకుతుంది. ఇక్కడ దారి పొడవునా చుక్క నీళ్ళు లేవు. మనిషికి నాలుగు లీటర్లు వీపున మోసుకెళ్ళాం. మొదటి రెండు కిలోమీటర్లే ప్రాణం తీస్తాయి, ఆ తర్వాత కాళ్ళు అలవాటు పడతాయి. శిఖరం మీద ఈ మూడు పలకల స్టీలు స్తంభం 1958లో పెట్టారు. దాని పక్కన కూర్చుని పులిహోర తిన్నాం, సగం గాలికే పోయింది.

ఇప్పుడు ఈ రాయిని చూడండి. తెల్లటి సున్నపురాయి. ఈ కొండ ఒకప్పుడు సముద్రంలో ఉండేది. దాదాపు 26 కోట్ల ఏళ్ళ కిందట స్పాంజిలు, నాచు పొరలు పొరలుగా పేరుకుని కట్టిన దిబ్బ ఇది. తర్వాత సముద్రం ఎండిపోయింది, దిబ్బ మట్టిలో కూరుకుపోయింది, చాలా కాలానికి భూమి దాన్ని మళ్ళీ పైకి నెట్టింది. అంటే మేం పొద్దున్నుంచీ ఎక్కింది సముద్రపు దిబ్బని! నాకు ఆ స్తంభం కంటే ఈ సంగతే నచ్చింది.

మర్నాడు దాని లోపలికే దిగాం. ముప్పావు గంట కారులో వెళ్తే న్యూ మెక్సికోలో కార్ల్స్‌బాడ్ గుహలు. ఇవీ ఆ దిబ్బలో భాగమే. గబ్బిలాలకి ఫంగస్ జబ్బు సోకకుండా, వేరే గుహల్లోకి వేసుకెళ్ళిన బూట్లు వేసుకున్నారా అని లోపలికి పంపే ముందు అడుగుతారు. మా నంద్యాల వాడు తెలుగులో మెల్లగా, "బెలుం లెక్కలోకి వస్తదా?" అన్నాడు. పాపం, వాడి బూట్లు కొత్తవే.

బెలుంలో చెమటతో తడిసిపోతాం కదా, ఇక్కడ స్వెట్టర్ కావాలి. ఏడాది పొడవునా 13 డిగ్రీలే. గుహ లోపలి వేడి ఆ ప్రాంతపు ఏడాది సగటుకి దగ్గరగా ఉంటుంది, అందుకే రాయలసీమ గుహకి అంత ఉక్క. ఇంకో తేడా కూడా ఉంది. బెలుంని పారే నీరు కరిగించింది. దీన్ని కరిగించింది సల్ఫ్యూరిక్ ఆమ్లం, అంటే బ్యాటరీలో పోసేదే. కింది చమురు నిల్వల నుంచి పైకి వచ్చిన వాయువు నీటితో, ఆక్సిజన్‌తో కలిసి ఆ ఆమ్లం అయింది. అలా తయారైన ఈ హాలు పేరు బిగ్ రూమ్. ఎనిమిది ఎకరాల పైమాటే. మా ఇంటి పొలం కంటే పెద్దది, పైకప్పుతో సహా!

1898లో జిమ్ వైట్ అనే కుర్రాడు, పశువుల కాపరి, సాయంత్రం పూట పొగలా లేస్తున్న గబ్బిలాల గుంపుని చూసి ఈ గుహలోకి దిగాడంటారు. చలికాలానికి మెక్సికో దేశానికి వలస పోయే ఆ గబ్బిలాలు మేం వెళ్ళినప్పటికి ఇంకా తిరిగి రాలేదు. గబ్బిలాల కోసమే అయితే మార్చిలో రాకండి. ఒక మాట ఒప్పుకోవాలి, ఇది నిజమైన కేవింగ్, అంటే గుహల్లో పాకుతూ దారి వెతుక్కునే సాహసం కాదు. దారి వేసి ఉంది, దీపాలున్నాయి, పైకి రావడానికి లిఫ్ట్ కూడా ఉంది.

కానీ ఈ గుహల్లోనే కింగ్స్ ప్యాలస్ అనే భాగం చూపించే టూర్‌లో, 800 అడుగుల లోతున రేంజర్, అంటే పార్క్ ఉద్యోగి, మమ్మల్ని కూర్చోబెట్టి దీపాలన్నీ ఆపేశారు. అదే ఇది. మీ ఫోన్ ఆగిపోలేదు, వీడియో నడుస్తూనే ఉంది. నేనిక మాట్లాడను, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎక్కడో ఒక చుక్క పడుతుంది, వినండి.